లెక్కల్లో యంత్రాలు... లెక్కకు రాని పర్యవేక్షణ

జిల్లా ఆసుపత్రిలో డయాలసిస్ కేంద్రం తెల్లవారుజామున తెరుచుకోగానే విధుల్లో ఉన్న టెక్నీషియన్ మొదట చూడవలసింది రోగిని కాదు, నీటిని. యంత్రాల హాలుకు వెనుక ఉండే నీటిశుద్ధి గదిలోకి వెళ్లి, చిన్న గొట్టంలో నీరు పట్టి, పరీక్ష రసాయనం కలిపి, క్లోరిన్ ఆనవాళ్లు మిగిలి ఉన్నాయో లేవో చూసి, ఫలితాన్ని రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. కొద్ది నిమిషాల పని ఇది. ఆ పని జరగకపోయినా యంత్రం తిరుగుతుంది. రోగి మంచంపై పడుకుంటాడు, నాలుగు గంటల తరువాత లేచి ఇంటికి వెళతాడు. ప్రభుత్వ లెక్కల్లో మరొక సెషన్ నమోదవుతుంది. పరీక్ష జరిగిందా, జరగకపోతే ఎందుకు జరగలేదు అని అడగవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న దగ్గరే దేశంలోని అతి పెద్ద ఉచిత రక్తశుద్ధి కార్యక్రమం బలహీనత బయటపడుతుంది.

మూత్రపిండాల రోగులకు జిల్లా కేంద్రంలోనే డయాలసిస్ అందించాలన్న ఆశయం మంచిది. పదేళ్లలో అది చాలావరకు నెరవేరింది కూడా. ఎన్ని యంత్రాలు వచ్చాయి, ఎందరికి సేవలు అందాయి అన్న వివరాలు పార్లమెంటుకు క్రమం తప్పకుండా అందుతున్నాయి. ఆ యంత్రాలను ఎవరు నడుపుతున్నారు, వారిని ఎవరు పర్యవేక్షిస్తున్నారు, నీటి నాణ్యత ఎలా ఉంది అన్న వివరాలకు మాత్రం ఆ లెక్కల్లో అంతటి ప్రాధాన్యం లభించడం లేదు.

బడ్జెట్ ప్రకటనతో మొదలు

2016 ఫిబ్రవరి 29న నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ లోక్‌సభలో బడ్జెట్ ప్రవేశపెడుతూ జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించారు. దేశంలో ఏటా 2.2 లక్షల మంది కొత్తగా మూత్రపిండాల వైఫల్యం అంతిమ దశకు చేరుతున్నారని, దానివల్ల 3.4 కోట్ల డయాలసిస్ సెషన్ల అవసరం అదనంగా ఏర్పడుతోందని ఆయన సభకు తెలిపారు. అప్పటికి దేశంలో సుమారు 4,950 డయాలసిస్ కేంద్రాలు ఉండగా, వాటిలో అత్యధికం ప్రైవేటు రంగంలో, పెద్ద పట్టణాల్లోనే ఉన్నాయి. అవసరంలో సగమే తీరుతోంది. ఒక్కో సెషన్‌కు దాదాపు 2,000 రూపాయల చొప్పున ఏడాదికి మూడు లక్షలకు మించి ఖర్చవుతోందని కూడా ఆ ప్రసంగం పేర్కొంది. డయాలసిస్ పరికరాల్లో కొన్ని భాగాలకు అదే బడ్జెట్‌లో కస్టమ్స్ తదితర సుంకాల నుంచి మినహాయింపు ప్రకటించారు.

జాతీయ ఆరోగ్య మిషన్ కింద అమలవుతున్న ఈ కార్యక్రమానికి ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యాన్ని ప్రధాన మార్గంగా ఎంచుకున్నారు. జిల్లా ఆసుపత్రిలో స్థలం, విద్యుత్తు, నీటి సరఫరా ప్రభుత్వ వంతు. యంత్రాలు, నీటిశుద్ధి ప్లాంటు, డయలైజర్లు, ఇతర వినియోగ సామగ్రి, సిబ్బంది నిర్వాహక సంస్థ వంతు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాల రోగుల తరఫున సెషన్‌కు ఇంత చొప్పున ప్రభుత్వం సంస్థకు చెల్లిస్తుంది. కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ సొంత సిబ్బందితోనే కేంద్రాలను నడుపుతున్నాయి.

2025 నాటికి ఈ కార్యక్రమం మొత్తం 36 రాష్ట్రాలు, కేంద్ర పాలిత ప్రాంతాలకు విస్తరించింది. కేంద్రాల సంఖ్య 1,500 దాటింది. వారానికి రెండు మూడుసార్లు చికిత్సకు వెళ్లవలసిన రోగికి, అతని వెంట కూలి మానుకుని రావలసిన కుటుంబ సభ్యునికి ఇది సామాన్యమైన ఊరట కాదు. అయితే కేంద్రం దగ్గరపడినంత వేగంగా పర్యవేక్షణ దగ్గరపడలేదు. మూత్రపిండాల వ్యాధి నిపుణులు ఇప్పటికీ ఎక్కువగా మహానగరాల్లోనే ఉన్నారు. జిల్లా ఆసుపత్రి కేంద్రంలో రోజంతా రోగి పక్కన ఉండేది టెక్నీషియన్, నర్సు. అవసరమైతే పిలిచేందుకు డ్యూటీ డాక్టరు ఉంటారు. నిపుణుడు అప్పుడప్పుడు వచ్చి వెళతారు, లేదా ఫోనులో సలహా చెబుతారు. అంటే చికిత్స భారమంతా ఆచరణలో టెక్నీషియన్‌పైనే పడుతోంది.

టెక్నీషియన్ చేతిలో ప్రాణం

డయాలసిస్ యంత్రం బయటికి కనిపించేంత సులభమైనది కాదు. రోగి చేతిలోని రక్తనాళం నుంచి నిమిషానికి 200 నుంచి 300 మిల్లీలీటర్ల వరకు రక్తాన్ని బయటికి తీసి, సన్నని గొట్టాల కట్ట వంటి డయలైజర్ గుండా పంపి, మలినాలను, అదనపు నీటిని తొలగించి తిరిగి శరీరంలోకి చేరుస్తుంది. ఆ గొట్టాల పొరకు ఒక పక్క రక్తం, మరో పక్క లవణాలు కలిపిన శుద్ధజలం ప్రవహిస్తాయి. రోగిని యంత్రానికి కలిపే ముందు గొట్టాల్లో గాలి లేకుండా చూడాలి. ద్రావణం ఉష్ణోగ్రత, లవణ సాంద్రత సరిచూడాలి. గాలి బుడగను, రక్తస్రావాన్ని పసిగట్టే హెచ్చరిక వ్యవస్థలు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. రోగి బరువు చూసి ఎంత నీరు తీయాలో లెక్కకట్టాలి. చికిత్స సాగుతున్నంతసేపు రక్తపోటు గమనిస్తూ ఉండాలి. రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడం డయాలసిస్‌లో తరచుగా ఎదురయ్యే సమస్య. సూది జారితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణాపాయం కలిగేంత రక్తం పోవచ్చు.

ఇంత పని ఉన్నందువల్లే మూడు, నాలుగు యంత్రాలకు ఒక టెక్నీషియన్ ఉండాలన్నది ఈ రంగంలో సాధారణంగా పాటించవలసిన నియమం. ఒకరే ఆరేడు యంత్రాలను చూడవలసి వస్తే మొదట తగ్గేది రోగికి కనిపించే పని కాదు, కనిపించని పని. రెండు షిఫ్టుల మధ్య యంత్రాన్ని క్రిమిరహితం చేసే సమయం కుదించుకుపోతుంది. చేతి తొడుగులు మార్చకుండానే ఒక మంచం నుంచి మరో మంచానికి వెళ్లడం మొదలవుతుంది. ఉదయం రాయవలసిన రిజిస్టరు సాయంత్రం ఒక్కసారిగా నిండుతుంది. ఇందులో టెక్నీషియన్ నిర్లక్ష్యం కొంత ఉండవచ్చు. కానీ ఒక మనిషితో ఇద్దరి పని చేయించి, తప్పు జరిగినప్పుడు అతన్ని సస్పెండ్ చేయడం పర్యవేక్షణ అనిపించుకోదు.

నీరే మందు, నీరే విషం

ఆరోగ్యవంతుడు వారానికి తాగే నీరు 15 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నాలుగు గంటల ఒక్క డయాలసిస్‌లో రోగి రక్తానికి పలుచని పొర మాత్రమే అడ్డుగా ఉండి ప్రవహించే ద్రావణం దాదాపు 120 లీటర్లు. వారానికి మూడుసార్లయితే 360 లీటర్లు. తాగిన నీటిలోని హానికర పదార్థాలను పేగులు, కాలేయం కొంత అడ్డుకుంటాయి. మిగిలినదాన్ని మూత్రపిండాలు బయటికి పంపుతాయి. డయాలసిస్ రోగికి ఆ రక్షణలు లేవు. అందువల్ల తాగడానికి పనికివచ్చే నీరు డయాలసిస్‌కు పనికిరాదు. మున్సిపాలిటీ నీటిని శుద్ధిచేయడానికి కలిపే క్లోరిన్, క్లోరమిన్ రక్తంలోకి చేరితే ఎర్ర కణాలు విచ్ఛిన్నమవుతాయి. నీటిలోని అల్యూమినియం ఏళ్ల తరబడి శరీరంలో పేరుకుని మెదడును, ఎముకలను దెబ్బతీస్తుందని 1970లలోనే వైద్యులు గుర్తించారు.

నీటిశుద్ధి గదిలో ఒక పరికరం విఫలమైతే ఏం జరుగుతుందో 1993లో అమెరికాలోని చికాగోలో తేలింది. అక్కడి ఒక డయాలసిస్ కేంద్రంలో నీటిలోని లవణాలను తొలగించే వ్యవస్థ సామర్థ్యం అయిపోయినా మార్చకపోవడంతో, అంతవరకు పట్టి ఉంచిన ఫ్లోరైడ్‌ను అది తిరిగి నీటిలోకి వదిలింది. చికిత్స పొందిన 15 మందిలో 12 మంది అస్వస్థులయ్యారు, ముగ్గురు మరణించారు.

అంతకంటె ఘోరమైన ఉదంతం 1996లో బ్రెజిల్‌లోని కరువారు నగరంలో జరిగింది. అక్కడి ఒక కేంద్రానికి జలాశయం నుంచి ట్యాంకర్లలో నీరు సరఫరా అయ్యేది. ఆ నీటిలో నాచు వంటి సూక్ష్మజీవులు విడుదల చేసిన విషం ఉన్నట్లు ఎవరూ గుర్తించలేదు. 116 మంది రోగులు చూపు మసకబారడం, వాంతులు వంటి లక్షణాలతో బాధపడ్డారు. వారిలో 100 మందికి కాలేయం విఫలమైంది. 52 మరణాలకు ఆ నీటి విషమే కారణమని తరువాతి పరిశోధనలో తేలింది.

ఎక్కడో బ్రెజిల్ సంగతి ఇక్కడెందుకని అనుకోనవసరం లేదు. వేసవి వస్తే మన జిల్లా పట్టణాల్లో అనేక ఆసుపత్రులకు ట్యాంకరే ఆధారం. ఒక వారం మున్సిపాలిటీ నీరు, మరో వారం బోరునీరు, ఇంకో వారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ట్యాంకరు నీరు. ఒప్పందం ప్రకారం నీటి సరఫరా ప్రభుత్వ బాధ్యత, శుద్ధి నిర్వాహక సంస్థ బాధ్యత. వచ్చే నీరు మారినప్పుడు ఆ సంగతి టెక్నీషియన్‌కు చెప్పే ఏర్పాటు లేకపోతే రెండు బాధ్యతల నడుమ రోగి పడిపోతాడు.

పక్క దేశం నేర్పిన పాఠం

నీటి తరువాతి ప్రమాదం రక్తం ద్వారా సంక్రమించే వ్యాధులు. 2024లో పాకిస్థాన్‌లోని పంజాబ్ రాష్ట్రం, ముల్తాన్ నగరంలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్న రోగుల్లో 20 మందికి పైగా హెచ్.ఐ.వి. సోకినట్లు వెల్లడైంది. రోగులకు నిర్ణీత కాలంలో జరపవలసిన రక్తపరీక్షలు, యంత్రాల కేటాయింపు విషయంలో నియమాలు పాటించలేదన్న ఆరోపణలపై విచారణ జరిపి పలువురు వైద్యులను, సిబ్బందిని సస్పెండ్ చేశారు.

మన దేశంలోనూ డయాలసిస్ రోగులకు కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్-సి వైరస్ చికిత్సాకేంద్రాల్లోనే సోకడం వైద్యులకు చిరకాలంగా తెలిసిన సమస్య. హెపటైటిస్-బి రోగులకు వేరే యంత్రం కేటాయించడం, అందరికీ నిర్ణీత వ్యవధిలో రక్తపరీక్షలు చేయడం, టీకాలు వేయడం, ఒక రోగికి వాడిన మందు సీసాను మరొకరి మంచం దగ్గరకు తీసుకువెళ్లకపోవడం దీనికి తెలిసిన విరుగుడు. ఇవేవీ ఖరీదైన సాంకేతిక పరిజ్ఞానాలు కావు. ప్రతి షిఫ్టులో, ప్రతి మంచం వద్ద, ఎవరూ చూడనప్పుడు కూడా పాటించవలసిన అలవాట్లు.

డయలైజర్‌ను శుభ్రపరచి అదే రోగికి మళ్లీ వాడటం మరో చిక్కుముడి. ఖర్చు తగ్గించేందుకు అనేక కేంద్రాలు ఈ పద్ధతిని అనుసరిస్తున్నాయి. నియమప్రకారం చేస్తే దీనివల్ల ప్రమాదం లేదు. కానీ ప్రతిసారీ డయలైజర్‌పై రోగి పేరు సరిచూడాలి. దాని సామర్థ్యం మొదటిదానిలో 80 శాతానికి తగ్గితే పారవేయాలి. శుభ్రపరచిన రసాయనం మిగల్లేదని పరీక్షించాలి. ఈ బాదరబందీ లేకుండా తెలంగాణ ప్రభుత్వ కేంద్రాల్లో ఒక్కసారి వాడి పారవేసే డయలైజర్ల విధానాన్ని ప్రవేశపెట్టారు. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రులను కూడళ్లుగా చేసి జిల్లా కేంద్రాలను వాటికి అనుసంధానించారు. పర్యవేక్షణ కష్టమైనచోట తప్పుకు ఆస్కారమే లేకుండా చేయడం ఒక మార్గమని ఇది సూచిస్తోంది. అయితే నీటి విషయంలో అటువంటి దగ్గరిదారి లేదు.

చట్టాలున్నాయి, కానీ...

యంత్రాల నాణ్యతపై చట్టం లేకపోలేదు. 2017 నాటి వైద్య పరికరాల నియమావళి అమలులో ఉంది. డయాలసిస్ యంత్రాన్ని ఔషధ చట్టం పరిధిలోకి తెస్తూ 2019లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కానీ ఈ నియమాలు ప్రధానంగా పరికరం తయారీ, దిగుమతి, అమ్మకాలకు సంబంధించినవి. ఆసుపత్రికి చేరి, రోజుకు మూడు షిఫ్టులు తిరిగి, అయిదేళ్లు గడిచిన యంత్రం సరిగా కొలుస్తోందా లేదా అన్నది వాటి దృష్టికి రాదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరికరాల నిర్వహణ ఎంత అధ్వానంగా ఉన్నదో కేంద్రానికి తెలియనిది కాదు. వివిధ రాష్ట్రాల్లో 13 నుంచి 34 శాతం వరకు పరికరాలు పనిచేయడం లేదని తేలిన తరువాతే 2015లో పరికరాల నిర్వహణ పథకాన్ని చేపట్టారు. జిల్లా ఆసుపత్రిలో పరికరాలు 95 శాతం సమయం పనిచేసే స్థితిలో ఉండాలని దానిలో లక్ష్యం పెట్టారు. ఇక్కడ ఒక తేడాను గమనించవలసి ఉంది. పనిచేయడం వేరు, సరిగా పనిచేయడం వేరు. ఆగిపోయిన యంత్రం తన లోపాన్ని తానే చాటుకుంటుంది. తప్పుడు కొలత చూపే యంత్రం మౌనంగా తిరుగుతూనే ఉంటుంది.

టెక్నీషియన్ల విషయంలో పరిస్థితి మరింత వెనుకబడి ఉంది. డాక్టర్లకు, నర్సులకు దశాబ్దాలుగా నియంత్రణ మండళ్లు ఉన్నాయి. డయాలసిస్ టెక్నీషియన్లకు దేశవ్యాప్తంగా వర్తించే రిజిస్ట్రేషన్ వ్యవస్థ లేకపోవడంతో డిగ్రీ చదివినవారు, డిప్లొమా చేసినవారు, కేవలం పనిలో చేరి నేర్చుకున్నవారు ఒకే పేరుతో చలామణీ అయ్యారు. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు పార్లమెంటు 2021లో అనుబంధ వైద్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. డయాలసిస్ సాంకేతిక నిపుణుల వృత్తి కూడా దాని పరిధిలో ఉంది. చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రం ఒక మండలిని ఏర్పాటు చేసి రిజిస్టరు నిర్వహించాలి. మూడేళ్లు గడిచినా అనేక రాష్ట్రాలు కదలకపోవడంతో విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 అక్టోబర్ 12లోగా చట్టం అమలుకు చర్యలు తీసుకోవాలని న్యాయస్థానం అదే ఏడాది ఆగస్టులో ఆదేశించవలసి వచ్చింది. 2025లో డయాలసిస్ కోర్సుతో సహా పలు కోర్సులకు ఏకరూప పాఠ్యప్రణాళికలు విడుదలయ్యాయి. ఇవి మంచి పరిణామాలే. కానీ కొత్త పాఠ్యక్రమంలో చదివినవారు జిల్లా ఆసుపత్రికి చేరడానికి మరికొన్నేళ్లు పడుతుంది. నేడు యంత్రాల మధ్య నిలబడి ఉన్నవారి సంగతి ఆ లోగా ఎవరు చూడాలన్నదే ప్రశ్న.

డబ్బు ఎటు నడిపిస్తే అటు

సమస్య మూలం చెల్లింపు విధానంలో ఉంది. సెషన్‌కు ఇంత అని డబ్బు చెల్లించినప్పుడు సెషన్ల సంఖ్య పెంచడం, ఒక్కో సెషన్ ఖర్చు తగ్గించడం నిర్వాహకునికి లాభం. టెండరులో అతి తక్కువ రేటు వేసినవారికే పని దక్కినప్పుడు ఈ ఒత్తిడి మరింత పెరుగుతుంది. ఖర్చు తగ్గించడానికి వీలున్న చోట్లు కొద్ది మాత్రమే. డయలైజరు ధర, సిబ్బంది సంఖ్య, వారి జీతాలు, నీటి పరీక్షలు, యంత్రాల విడిభాగాలు. వీటన్నిటా సీనియర్ టెక్నీషియన్‌ను పర్యవేక్షకునిగా నియమించడం పూర్తిగా అదనపు ఖర్చులా కనిపిస్తుంది. ఆయన ఏ సెషనూ చేయడు, బిల్లులో ఆయన పేరున ఏ రాబడీ ఉండదు.

ఇది ప్రైవేటు సంస్థలన్నీ చెడ్డవని చెప్పడం కాదు. స్వయంగా నడుపుకునే ప్రభుత్వ కేంద్రాల్లోనూ విడిభాగం కొనడానికి ఫైలు కదలక యంత్రం మూలపడడం, టెక్నీషియన్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండడం తెలిసిన కథే. తేడా ఒక్కటే. ఒకచోట పర్యవేక్షణకు డబ్బు రాదు, మరొకచోట పర్యవేక్షణకు మనిషి ఉండడు. రెండుచోట్లా తనను తానే తనిఖీ చేసుకునే ఏర్పాటే మిగులుతోంది. ఆసుపత్రి సూపరింటెండెంటు నెలాఖరున బిల్లుపై సంతకం చేసేటప్పుడు చూసేది రోగుల హాజరు పట్టిక. నీటి పరీక్షల రిజిస్టరు కూడా బిల్లుకు జతపరచాలన్న ఒక్క నిబంధన కచ్చితంగా పాటించినా చిత్రం చాలావరకు మారుతుంది.

తెలుగునాట ప్రత్యేకత

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చతో సంబంధం మరింత గాఢమైనది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కారణం ఇంకా పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి వేలాది కుటుంబాలను దశాబ్దాలుగా పీడిస్తోంది. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. సోంపేట, కవిటి వంటి చోట్లా డయాలసిస్ కేంద్రాలు నడుస్తున్నాయి. కొబ్బరి, జీడి తోటల్లో కూలి చేసుకునే రోగి మునుపటిలా విశాఖపట్నం దాకా వెళ్లనవసరం లేదు. నీటి మీదే అనుమానాలు బలంగా ఉన్న ప్రాంతంలో, డయాలసిస్‌కు వాడే నీటి పరీక్షాఫలితాలను కేంద్రం గోడపై అందరికీ కనిపించేలా రాసి ఉంచడం కంటె రోగికి ధైర్యమిచ్చే పని మరొకటి ఉండదు.

చేయవలసినదేమిటి?

కొత్త చట్టాల కోసం ఎదురుచూడనవసరం లేదు. చేయదగిన పనులు ఒప్పందాల స్థాయిలోనే ఉన్నాయి. మొదటిది, చెల్లింపులో కొంత భాగాన్ని సెషన్ల సంఖ్యకు కాక నాణ్యతకు ముడిపెట్టడం. నీటిలో సూక్ష్మజీవులు, వాటి విషపదార్థాల పరీక్ష, కొత్తగా హెపటైటిస్ సోకిన రోగుల సంఖ్య, షిఫ్టుకు టెక్నీషియన్ల నిష్పత్తి - ఈ మూడింటిని కొలిస్తే చాలు. రెండవది, ప్రతి కేంద్రంలో అనుభవజ్ఞుడైన ఒక సీనియర్ టెక్నీషియన్‌కు యంత్రాలు కేటాయించకుండా పర్యవేక్షణ బాధ్యతే అప్పగించి, ఆ జీతాన్ని ఒప్పందంలో ప్రత్యేకంగా చూపడం. మూడవది, నిర్వాహక సంస్థతో సంబంధం లేని ప్రయోగశాలకు నీటి నమూనాలు పంపడం. నాలుగవది, జిల్లాకొక బయోమెడికల్ ఇంజనీరు ఆకస్మికంగా వచ్చి యంత్రాల కొలతలను సరిచూడడం. రోగుల వివరాలను దేశమంతటా అనుసంధానించేందుకు 'ఒక దేశం - ఒక డయాలసిస్' పేరుతో చేపట్టిన పోర్టల్‌లో ఈ ఫలితాలను కూడా చేరిస్తే ఏ కేంద్రం ఎలా ఉందో రాష్ట్ర రాజధానిలో కూర్చునే తెలుసుకోవచ్చు.

ఇందుకు ఖర్చవుతుంది. సెషన్ ధర కొంత పెరుగుతుంది. ఆ పెంపును భరించలేమనే ఆర్థికశాఖలు ఒక్క విషయం ఆలోచించాలి. కేంద్రంలోనే హెపటైటిస్ సోకిన రోగికి చికిత్స చేయించవలసింది కూడా ప్రభుత్వమే. పదేళ్ల క్రితం దేశం ముందున్న ప్రశ్న పేదవాడికి డయాలసిస్ అందుతుందా లేదా అన్నది. దానికి చాలావరకు జవాబు దొరికింది. ఇప్పుడు అందుతున్న డయాలసిస్ అతన్ని బతికిస్తున్నదా, లేక మరో జబ్బును అంటగడుతున్నదా అన్నది రెండో ప్రశ్న. ఉదయం నీటిశుద్ధి గదిలో జరిగే ఆ కొద్ది నిమిషాల పరీక్షను ఎవరో ఒకరు రోజూ అడిగి చూసేదాకా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.